తొండవాడకు పదకొండు కార్డులు

చేయవలసిన పనులు:

1. కుప్పయ్య బండి ముందుగా మాట్లాడుట. అతని ఎద్దుల్లో ఎర్రది నీళ్ళను చూస్తే దిగి పడుకుంటుందన్న మాట నిజమో కాదో కనుక్కొనుట.
2. విస్తరాకులు ఆరు. చినిగితే ఉంటాయని ఇంకో రెండు.
3. పులిహోర చేయు విధానము అమ్మను అడిగి రాసుకొనుట. ఎందుకో అమ్మకు చెప్పరాదు.
4. అదే విధానము చంద్రను అడుగరాదు.
5. రేషను బియ్యంలో రాళ్ళు ఏరుట. నేనే ఏరవలెను.
6. ఏటిలో నీళ్ళు పారుతున్నవో లేదో చంద్రగిరి నుంచి వచ్చే డ్రిల్లు మాస్టరును అడుగుట.
7. గొడుగు బాగు చేయించుట.
8. చుట్టాలు రాకుండా చూచుట.
9. ఎనిమిదవది ఎట్లు సాధ్యమో ఆలోచించుట.

గంగాధరం మాస్టరు తన నోటుపుస్తకం చివరి పేజీలో ఈ జాబితా రాసుకున్నది 1946వ సంవత్సరం, కార్తీకమాసం మొదలైన వారంలో. ఆయన తిరుపతిలో హైస్కూలు లెక్కల మాస్టరు. పాకాల పక్క ఒక మెట్టపల్లెలో, వేరుశెనగ పండించుకునే ఇంట్లో పుట్టాడు. ఆ ఇంటికే కాదు, ఆ పల్లె మొత్తానికి మొదటి బి.ఏ. ఆయనే. ఏ పనైనా ముందు కాగితం మీద పెడితే సగం అయిపోయినట్టేనని ఆయన నమ్మకం. మొదటి ఏడు పనుల్లో చాలావరకు నాలుగు రోజుల్లో ఒక దారికి వచ్చాయి. తొమ్మిదో పని దగ్గర పెన్సిలు ఆగిపోయింది.

ఎందుకాగిందో తిరుపతిలో కాపురం చేసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. చేయనివాళ్ళ కోసం చెబుతున్నాను. పుంగనూరులోనో పీలేరులోనో ఉండేవాళ్ళ ఇంటికి చుట్టాలు పెళ్ళికి వస్తారు, పేరంటానికి వస్తారు, పోతారు. తిరుపతిలో ఉండేవాళ్ళ ఇంటికి కొండ మీది స్వామికి మొక్కున్న ప్రతి చుట్టమూ వస్తాడు. మొక్కు లేని చుట్టం ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు. బిడ్డ పుడితే మొక్కు, బిడ్డకు జ్వరం తగ్గితే మొక్కు, తప్పిపోయిన ఎద్దు సంతలో దొరికితే మొక్కు, దావా గెలిస్తే మొక్కు, ఓడిపోయినవాడు అప్పీలుకు పోయే ముందు మొక్కు. వీళ్ళెవరూ ముందుగా చెప్పి రారు. స్వామికే చెప్పకుండా వస్తున్నప్పుడు మాస్టరుకు చెప్పడమేమిటి? కొందరు పాకాల రైలుబండికి, కొందరు గూడూరు బండికి దిగి, నేరుగా ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటారు. ఇదివరకు మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళయినా మెట్లెక్కలేక తమ ఊళ్ళోనే దణ్ణం పెట్టుకుని ఊరుకునేవాళ్ళు. రెండేళ్ళ కిందట కొండకు బస్సు రోడ్డు పడింది. దాంతో ఆ మోకాళ్ళు కూడా బయలుదేరాయి.

వాళ్ళందరికీ వండి వార్చే మనిషి చంద్రకాంతమ్మ, మాస్టరు భార్య. పలమనేరు పిల్ల. పదిహేడో ఏట ఈ ఇంట్లో కాలు పెట్టింది. ఇప్పటికి పన్నెండేళ్ళు. కొండకు పోయేవాళ్ళకు తెల్లవారుజామున పెట్టాలి, కొండ దిగి గుండ్లతో వచ్చినవాళ్ళకు మధ్యాహ్నం పెట్టాలి, బండికి పోయేవాళ్ళకు మూట కట్టాలి. ఈ మధ్యలో తన పిల్లలిద్దరికీ, మొగుడికీ, అత్తకూ పెట్టాలి. అందరూ అయ్యాక ఆమె వంటింట్లో ముక్కాలి పీట మీద, ఒక కన్ను వాకిలి మీద పెట్టి, చల్లారిన అన్నం నాలుగు ముద్దలు తినేది. నాలుగో ముద్ద దగ్గర వాకిట్లో ఎవరో దగ్గేవాళ్ళు.

ఏటి ఒడ్డుకు పోదామన్న మాట పెళ్ళయిన ఏడాది మాస్టరే ఇచ్చాడు. తిరుపతికి ఆరేడు మైళ్ళలో తొండవాడ దగ్గర స్వర్ణముఖిలో ఇంకో రెండు ఏర్లు కలుస్తాయి. అక్కడ మామిడితోపు, తోపు ముందర పరుపులాంటి ఇసుక, వానలు పడితే కార్తీకం దాకా మోకాలిలోతు నీళ్ళు. ఊళ్ళో చాలామంది కార్తీకంలో అక్కడికే వనభోజనాలకు పోతారు. వీళ్ళు రెండుసార్లు బయలుదేరారు. మొదటిసారి బండి వాకిట్లో నిలబడి ఉండగా నాయుడుపేట నుంచి తొమ్మిదిమంది వచ్చారు. కట్టుకున్న పులిహోర విప్పి వాళ్ళకే పెట్టింది. రెండోసారి వచ్చినవాళ్ళు మంచివాళ్ళు. "మాకోసం మీరు ఆగొద్దు, పొయ్యిరండి" అని, అదే బండి ఎక్కి అలిపిరికి పోయారు.

చంద్రకాంతమ్మ రెండుసార్లూ ఏమీ అనలేదు. మాస్టరుకు భయం వేసింది ఆ అనకపోవడానికే.

ఈ ఏడు కార్తీకం రాగానే ఆయన రోటి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఆమె కారం దంచుతోంది.

"ఈసారి తప్పకుండా ఏటికి పోదాం చంద్రా."

"ఎందరికి వండల్ల?"

"నువ్వు వండొద్దు. నేను వండుతా."

రోకలి ఆగింది. "ఏమి వండుతారు?"

"పులిహోర."

"తినేదెవరు?"

"నువ్వే. నువ్వు కూర్చుంటావు, నేను వడ్డిస్తా."

ఆమె నవ్వుతుందని అనుకున్నాడు. నవ్వలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుని, అంగట్లో సరుకులు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "విస్తరి ముందర నేను కూర్చోనుండల్ల. వేరేవాళ్ళు నిలబడి వడ్డించల్ల. అన్నం వేడిగా ఉండల్ల. ఈ మూడే నాకు కావాల్సింది, అదీ ఒక్క పూట. ఏరు లేకపోయినా పరవాలేదు. ఇంట్లో ఉంటే ఇది జరగదు కాబట్టి ఏరు." మళ్ళీ రోకలి ఎత్తి, మళ్ళీ దించింది. "ఈసారి గూడా కాకపోతే ఇంగ ఏరనే మాట ఈ ఇంట్లో ఎత్తొద్దండి. లేదనుకోనుంటే బాగనే ఉంటాది. వస్తాది, వస్తాది అని కాచుకోనుండేదే కష్టం."

ఆ మాట మాస్టరుకు రాత్రింబవళ్ళు చెవిలో ఉండిపోయింది. ఎనిమిదో పనికి దారి ఆయనకు మూడో పీరియడులో దొరికింది. నోటీసు బోర్డు మీద ఎవరో కాగితం అంటిస్తున్నారు: శుక్రవారం బడికి సెలవు. సెలవని ముందుగా నోటీసు పెడితే పిల్లలు రారు. పెట్టకపోతే వస్తారు. పిల్లలకు వర్తించే సూత్రం పెద్దలకు ఎందుకు వర్తించదు? పన్నెండేళ్ళుగా చుట్టాలు చెప్పకుండా వస్తున్నారని బాధపడ్డామే గాని, రావద్దని మనం ఎప్పుడైనా ముందుగా చెప్పామా?

సాయంత్రం పదకొండు పోస్టుకార్డులు కొన్నాడు. మేనమామ సుబ్బన్నకు ఒకటి, మేనత్త దేవకమ్మకు ఒకటి, తక్కినవి ఇటు పాకాల వైపు, అటు నాయుడుపేట వైపు తరచుగా వచ్చే ఇళ్ళకు. మొదటి కార్డు సుబ్బన్న మామకు మొదలుపెట్టి, "ఆనాడు మీరు రావద్దు" అని రాశాడు. రాసి, మళ్ళీ చదువుకున్నాడు. తను బి.ఏ. చదివేటప్పుడు, ఫీజు కట్టే దినాల్లో వేరుశెనగ మూట నెత్తిన పెట్టుకుని మదరాసు దాకా వచ్చిన మనిషి ఆయన. ఆయనకు రావద్దని ఎట్లా రాసేది? ఆ వాక్యం కొట్టేసి, కార్డు చించేసి, ఇంకో కార్డు కొనుక్కొచ్చి, ఇలా రాశాడు:

"క్షేమం. వచ్చే ఆదివారం నాడు మేము సకుటుంబముగా తొండవాడ వద్ద స్వర్ణముఖి ఒడ్డున మామిడితోపునకు వనభోజనమునకు పోవుచున్నాము. బండి ఉదయం ఏడు గంటలకు బయలుదేరును. ఆనాడు ఇంటికి తాళము వేసియుండును. ఈ సంగతి గమనించవలెను."

తెలివిగలవాళ్ళకు ఇది చాలుననుకున్నాడు. అదే పదకొండు కార్డుల మీదా రాశాడు. తల్లి తిరుమలమ్మ గుడికి పోతూ, "ఇటియ్యి నాయనా, పోస్టు డబ్బాలో నేనేసి పోతా" అని తీసుకుంది.

వారం గడిచింది. ఒక్కరి దగ్గరనుంచీ జవాబు రాలేదు. అభ్యంతరం లేదు కాబట్టి ఒప్పుకున్నట్టేనని మాస్టరు ఎనిమిదికీ తొమ్మిదికీ ఎదురుగా టిక్కు పెట్టుకున్నాడు. పులిహోర సంగతే కొంచెం ఇబ్బందిగా నడిచింది.

"అమ్మా, పులిహోరకు చింతపండు ఎంత వెయ్యాలి?"

"చాలినంత."

"శేరు బియ్యానికి ఎంత చాలుతుంది?"

"చింతపండును బట్టి ఉంటాది."

"ఉప్పు?"

"అదీ చాలినంతే. చెయ్యి చెప్తాది. యాల నీకు ఇయ్యన్నీ? బడిలో పులిహోర చెప్తావుండారా ఏంది?"

మాస్టరు "చాలినంత" అని రాసుకుని, పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాడు.

ఆదివారం ఆరున్నరకే కుప్పయ్య బండి వాకిట్లో నిలబడింది. ఎర్ర ఎద్దు గురించి అడిగితే, "అది పోయిన సంవత్సరం సంగతి సామీ, ఇప్పుడు బుద్ధి వచ్చింది" అన్నాడు. బండిలో గడ్డి పరిచి, మీద జమఖానా వేసి, బియ్యం, చింతపండు, గిన్నెలు, విస్తరాకులు, గొడుగు ఎక్కించారు. తిరుమలమ్మ, పిల్లలిద్దరూ ఎక్కారు. చంద్రకాంతమ్మ ఎక్కలేదు. గడపలో నిలబడి వీధి ఆ కొసకూ ఈ కొసకూ చూస్తోంది. మాస్టరు స్వయంగా మలుపు దాకా నడిచి చూసొచ్చాడు. పాలమనిషి తప్ప ఎవరూ లేరు. పాకాల బండి వచ్చే వేళ అయింది. ఇంకో పది నిమిషాలు చూశారు. ఎవరూ రాలేదు.

"చూసినావా?" అన్నాడు మాస్టరు, తాళం వేస్తూ. "ముందుగా తెలియజేస్తే జనం అర్థం చేసుకుంటారు. మనమే చెప్పం."

చంద్రగిరి రోడ్డు మీద రెండు మైళ్ళు పోయేదాకా ఆమె వెనక్కి చూస్తూనే ఉంది. మూడో మైలులో చూడడం మానేసింది. నాలుగో మైలులో కాళ్ళు చాపుకుంది. ఐదో మైలులో, పక్కన చెరకుతోట వస్తే, ఎద్దుల గంటల మోతలో ఎవరికీ వినపడదనుకుని ఏదో పాట తీసింది. మాస్టరుకు వినపడింది. ఇరవై ఏళ్ళ చదువుకు ఇన్నాళ్ళకు ఒక ప్రయోజనం కనబడినట్టయింది ఆయనకు.

మామిడితోపు మలుపు తిరిగి బండి ఏటి గట్టు ఎక్కింది. కింద ఇసుక, ఇసుక మీద ఎండ, ఎండలో మెరిసే నీళ్ళు. నీళ్ళకూ గట్టుకూ మధ్య, తోపు నీడలో, వరసగా దుప్పట్లు పరుచుకుని ముప్పై నాలుగు మంది.

నడిమధ్యన, మడత దుప్పటి మీద, తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకుని సుబ్బన్న మామ.

"రాప్పా, రా!" అని కేకేశాడు. "ఎంతసేపబ్బా కాచుకోనుండేది? పెట్టేవోళ్ళే ఇంత పొద్దెక్కి వస్తే తినేవోళ్ళ గతి ఏం గావల్ల?"

మాస్టరు బండి దిగాడు. "మామా, మీరు... ఈడ..."

"ఇంటికి తాళం ఏసుంటాదని రాసినావు కదా. అందుకే ఇంటికి పోకుండా నేరుగా ఈడికే వచ్చేసినాం. పాకాల బండిలో చంద్రగిరిలో దిగి నడిస్తే రెండు మైళ్ళు. నాయుడుపేటోళ్ళు రాత్రే వచ్చి సత్రంలో పండుకున్నారంట. నీ ఇంటికి తాళం కదా, పాపం, తొంగి గూడా చూడలేదు."

"నేను... రమ్మని..."

"రమ్మని పిలుస్తే రాకుండా ఉండేదానికి మేమేమన్నా పరాయోళ్ళమా?" అంటూ దేవకమ్మత్త లేచింది. బక్కపల్చటి మనిషి, గొంతు మాత్రం ఏటికి అవతలి ఒడ్డు దాకా. బొడ్లో సంచి తీసి, సంచిలోంచి పోస్టుకార్డు తీసింది. "ఇన్నేండ్లుగా మేమే పడొస్తా ఉండాం. నువ్వు కార్డు ముక్క రాసి పిలిచింది ఇదే మొదులు. మా ఊర్లో అందరికీ చూపించినా. పదిమందిని ఎనకేసుకోని వచ్చినా."

మాస్టరు ఆ కార్డు చేతిలోకి తీసుకున్నాడు. అక్షరాలు తనవే. నాలుగు మూలలా మాత్రం నిండుగా పసుపు. నడిమధ్య కుంకుమ బొట్టు.

పసుపు పూసిన ఉత్తరమంటే శుభలేఖ. చదువురానివాళ్ళు కూడా చదవగలిగింది ఆ నాలుగు మూలలే. లోపల ఏం రాసినా అది పిలుపే.

ఆయన మెల్లగా బండి వైపు తిరిగాడు. తిరుమలమ్మ గొడుగు కింద కూర్చుని ఉంది.

"ఏంది అట్ల చూస్తావు? నేనే పెట్టినా," అంది. "ఉత్తకార్డు పోతే ఎవురో పోయినారనుకోరా? మీ నాయన పోయినప్పుడు రాసినాము చూడు, ఉత్తకార్డు, మూల చించి. అదే మాదిరి పదకొండు ఇండ్లకు ఒకే దినం పోతే, పదకొండు ఇండ్లల్లో ఏడుపు లేస్తాది. కొంచమన్నా ఆలోచన ఉండొద్దా చదువుకున్నోనికి?"

అప్పుడే మాస్టరు కంటికి చంద్రకాంతమ్మ కనబడింది. ఆమె బండి దిగింది. ముప్పై నాలుగు మందినీ ఒకసారి చూసింది. కొంగు తీసి నడుము చుట్టూ బిగించి దోపుకుంది. గిన్నెలు దించడానికి వంగింది.

ఆ వంగడం చూసినప్పుడు ఆయన గబగబా బండి దగ్గరికి నడిచాడు. ఆమె చేతిలోంచి గిన్నె లాక్కుని, జీవితంలో మొదటిసారి మేనమామ ఎదుట గొంతు పెంచాడు.

"మామా! నేను రమ్మని రాయలేదు. రావద్దని రాసినాను."

ఏటి నీళ్ళ చప్పుడు వినబడింది. కాడి విప్పిన ఎర్ర ఎద్దు నీళ్ళలోకి దిగి పడుకున్న చప్పుడు కూడా వినబడింది. దాన్ని లేపడానికి కుప్పయ్య తప్ప ఎవరూ కదల్లేదు.

సుబ్బన్న తలపాగా తీసి తల మీద పెట్టుకున్నాడు. "రావద్దని?"

"అవును."

"పసుపు పెట్టి?"

"పసుపు అమ్మ పెట్టింది. రాసింది నేను."

"రావద్దనేదానికి శుభలేఖ పంపించిన ఇల్లు జిల్లా మొత్తానికి ఇదొక్కటే," అంది దేవకమ్మత్త.

సుబ్బన్న లేచాడు. "పదండ్రా," అన్నాడు పక్కవాళ్ళతో, పరాయి గొంతుతో. ఇద్దరు ముగ్గురు దుప్పట్లు దులపడం మొదలుపెట్టారు. మాస్టరు ఆయన దారికి అడ్డం పోయి నిలబడ్డాడు. చేతిలో గిన్నె అలాగే ఉంది.

"మామా, ఒక్క మాట విని పో. మీరు వచ్చేది నాకు బరువు కాదు. నేను బడికి పోతాను, వస్తాను, మీతో కూర్చోని తింటాను. నాకేమి కష్టం? చేసేదంతా ఈమె. పన్నెండేండ్లుగా ఈమె ఒక్కపూట కూర్చోని, ఒకరు వడ్డిస్తే, వేడి అన్నం తినలేదు. నేను చూస్తానే ఉండాను, నాకు గూడా తోచలేదు. ఈ పొద్దు ఒక్కదినం నేను వండి, నేనే వడ్డిస్తానని మాటిచ్చినా. అందుకే ఆ కార్డు రాసినా. తప్పుంటే నాది."

చంద్రకాంతమ్మ ముఖం అటు తిప్పుకుంది. సుబ్బన్నే, గొంతు కొంచెం దించి, అడిగాడు:

"నువ్వు వండుతావా?"

"వండుతా."

"ఏమి?"

"పులిహోర."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత నాయుడుపేట వైపు నుంచి ఒక నవ్వు, పాకాల వైపు నుంచి ఒక నవ్వు, చివరికి దేవకమ్మత్త నవ్వు, దాంతో తోపులో కొంగలు లేచిపోయాయి. "సుబ్బన్నా, కూర్చో," అందామె. "కోపం రేపైనా తెచ్చుకోవచ్చు. గంగాధరం పులిహోర చేసేది మళ్ళా చూడలేము. నేను చూడకుండా ఈడనుంచి కదల్ను."

దులిపిన దుప్పట్లు మళ్ళీ పరుచుకున్నాయి.

తిండికి లోటు లేదు. పిలుపు అనుకుని వచ్చారు గనుక ఎవరూ వట్టి చేతులతో రాలేదు. బియ్యం, బెల్లం, వేరుశెనక్కాయలు, గుమ్మడికాయ, ఒకరు నెయ్యి. వండే చేతులే లేవు. ఆడవాళ్ళు అలవాటుగా లేవబోతే దేవకమ్మత్త ఒక్క కేక వేసింది. "ఎవుతీ లేవొద్దు! ఈ పొద్దు పొయ్యి మగోళ్ళది. కార్డులో రాసుండాది."

కార్డులో అలా ఏమీ లేదు. కాని ఆ కార్డులో ఏముందో ఎవరు మాత్రం చదివారు?

మగవాళ్ళు ఊళ్ళోకి పోయి రెండు పెద్ద కుండలూ, చాలని విస్తరాకులూ తెచ్చారు. మూడు రాళ్ళు పెట్టడానికి అరగంట వాదించుకున్నారు. పొయ్యి గాలికి ఎదురుగా పెట్టి, కళ్ళలో పొగ నింపుకుని, మళ్ళీ మార్చారు. గుమ్మడికాయ ఎవరు కొయ్యాలన్నది తేలకముందే అది దొర్లి ఏట్లో పడి, దాని వెనక ఇద్దరు పడ్డారు. అన్నం కుండ దగ్గర సుబ్బన్న మామ పంచె ఎగ్గట్టి నిలబడ్డాడు.

"నాకు రాదనుకుంటా ఉండారేమో," అన్నాడు. "ముప్పై ఏండ్లుగా మా ఎద్దులకు ఉలవలు ఉడకబెడతా ఉండా. ఒక్క ఎద్దన్నా బాగలేదని చెప్పింది లేదు."

మాస్టరు పులిహోర వేరే పొయ్యి మీద, ఆమె కోసమే. ఒక చేతిలో గరిటె, ఒక చేతిలో నోటుపుస్తకం. పుస్తకం మీద నూనె చుక్క పడింది.

చంద్రకాంతమ్మను దేవకమ్మత్త చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, పొయ్యిల వైపు వీపు పెట్టి, నీళ్ళలో కాళ్ళుంచి కూర్చోబెట్టింది. ఆమె కూర్చుంది గాని ముక్కు కూర్చోలేదు.

"దేవకత్తా, తాలింపు మాడతా ఉండాది."

"మాడనీ."

"అన్నం కుండలో నీళ్ళు చాలవు, అడుగంటే వాసన వస్తా ఉండాది."

"రానీ. నీ మొగుడు బి.ఏ. అంట కదా, చూసుకుంటాడులే. నువ్వు నీళ్ళకల్లా చూడు."

ఆమె నీళ్ళవైపు చూసింది. కాళ్ళ మధ్యనుంచి చిన్న చేపపిల్లలు పోతున్నాయి. కాసేపటికి తాలింపు సంగతి అడగడం మానేసింది.

పొద్దు నడినెత్తి దాటాక విస్తళ్ళు పడ్డాయి. మొదటి పంక్తి మొదటి విస్తరి ముందర దేవకమ్మత్త చంద్రకాంతమ్మను కూర్చోబెట్టింది. తిరుమలమ్మకు ఇది నచ్చలేదు.

"మొగుడు నిలబడి వడ్డిస్తే పెండ్లాం కూర్చోని తినేదా? ఊరోళ్ళు నవ్వరూ?"

"ఊరోళ్ళంతా ఈడే ఉండారు కదా వదినా. ఇందాకే నవ్వేసినారు. అది అయిపాయ. నువ్వూ వచ్చి కూర్చో, నీ కొడుకు చేతి కూడు ఎట్లుంటాదో తెలుసుకుందువు."

తిరుమలమ్మ గొణుక్కుంటూనే వచ్చి కోడలి పక్కన కూర్చుంది. ఆడవాళ్ళందరూ ఒక పంక్తి. మగవాళ్ళు మసిమూతులతో, కుండలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. ముప్పై నాలుగు మంది చుట్టాలూ చూస్తుండగా, గంగాధరం మాస్టరు భార్య విస్తట్లో పులిహోర వడ్డించాడు. చెయ్యి కాలింది. అంత వేడిగా ఉంది.

చంద్రకాంతమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. అందరి చేతులూ ఆగిపోయాయి. ఆమె మెల్లగా నమిలింది. మింగింది. తలెత్తి మొగుడి ముఖం చూసింది.

ఇంట్లో ఆమె తినే వేళకు వంట ఎట్లా ఉందో చెప్పుకోవడానికి ఎదురుగా ఎవరూ ఉండరు. చెప్పినా, వండింది ఆమే. తన వంట తనే బాగాలేదనుకుని మింగడం తప్ప ఇంకేం లేదు. ఎవరో వండిందాన్ని తిని, వండినవాళ్ళను పిలిచి మాట చెప్పే అధికారం పన్నెండేళ్ళ తర్వాత ఇప్పుడు ఆమె చేతికి వచ్చింది.

"ఉప్పు లేదు," అంది చంద్రకాంతమ్మ.

"లేదా?"

"అస్సలు లేదు. తాలింపు మాడింది. చింతపండు జాస్తి అయింది." ఆ చెప్పడంలో ఆమె గొంతు కొంచెం కొంచెంగా పెద్దదైంది. "ఏం నిలబడుకోని చూస్తారు? పోయి ఉప్పు తీసుకురాండి. బిరీన రాండి, అన్నం చల్లారిపోతాది."

గంగాధరం మాస్టరు ఉప్పు కోసం ఇసుకలో పరుగెత్తాడు. బి.ఏ. ఫలితాలు చూసుకోవడానికి కూడా ఆయన అంత పరుగు పెట్టలేదు. ఉప్పు తెచ్చి వేశాడు. ఆమె కలుపుకుని తిని, "ఇంగొంచెం పెట్టండి," అంది. పెట్టాడు. సుబ్బన్న మామ అడుగంటిన అన్నం తెచ్చి, "ఇది గూడా చూడు తల్లీ, ఎద్దులు మెచ్చిన చెయ్యి," అంటే, అదీ పెట్టించుకుంది. ఇసుక పంటికింద పడితే పడింది. మూడోసారి కూడా అడిగి పెట్టించుకుంది. ఎవరి దగ్గూ వినకుండా, విస్తరి ఖాళీ అయ్యేదాకా కూర్చుంది.

ఇక్కడితో ఆపితే బాగుండును. కాని జరిగింది జరిగినట్టు చెప్పాలి గనుక చెబుతున్నాను. సాయంత్రం సామాన్లు సర్దుకుంటూ సుబ్బన్న మామ, "ఇంత దూరం వచ్చినాం. స్వామిని చూడకుండా పోతే బాగుంటాదా?" అన్నాడు. బాగుండదని ముప్పై ముగ్గురూ ఒప్పుకున్నారు. కుప్పయ్య బండి ముందు, వాళ్ళు వెనక, తిరుపతి దాకా నడిచి వచ్చి, మాస్టరు ఇంటి వాకిట్లో కాళ్ళు కడుక్కున్నారు. తాళం తీసింది చంద్రకాంతమ్మే. కొంగు నడుముకు దోపుకుని పొయ్యి వెలిగించింది కూడా ఆమే. దేవకమ్మత్త రెండు చేతులు సాయం వేసింది. మాస్టరు బియ్యంలో రాళ్ళు ఏరాడు. అందరూ తిన్నారు. అందరూ అయ్యాక ఆమె ముక్కాలి పీట వేసుకుంది.

మీరూ ఎప్పుడో ఒకరోజు కొండకు పోతారు. కొండ కింద మీకూ ఒక చుట్టాల ఇల్లు ఉంటుంది. దిగండి, కాళ్ళు కడుక్కోండి, కడుపునిండా తినండి. కాని రెండోసారి చారు అడిగే ముందు ఒక్కసారి వంటింటి గడప వైపు తలతిప్పి, ఆ ఇంటావిడ తిన్నదో లేదో చూడండి. చూసినప్పుడు మా చంద్రకాంతమ్మను తలుచుకోండి.